అడవిని కొలిచే కొలువు

కార్బన్ క్రెడిట్లు అనే మాట పట్నంలోని కంపెనీ ఆఫీసులు దాటి పల్లెల దాకా వచ్చేసింది. ఈ రంగంలో ఉద్యోగాలున్నాయి, అపోహలున్నాయి, మోసాలూ ఉన్నాయి. మూడింటినీ తెలుసుకుని అడుగేస్తే డిగ్రీ చదివిన పల్లె యువతకు ఇది మంచి దారే.

హాలియాలో బస్సు దిగితే రెండు లోకాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒక దిక్కు సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే వరి పొలాలు, బత్తాయి తోటలు. ఇంకో దిక్కు తిరుమలగిరి సాగర్, దేవరకొండ, చందంపేట వైపు వెళ్లేకొద్దీ బండరాళ్ల గుట్టలు, తునికి, మోదుగ, చండ్ర చెట్లు, మేకల మందలు, తండాలు. నీళ్లున్న దిక్కు భూమికి ధర పలుకుతుంది. అడవి ఉన్న దిక్కు అంతగా పలకదు. మరి ఆ అడవి నరక్కుండా నిలబెట్టినందుకే ఎవరైనా డబ్బు కడతామంటే?

ఇలాంటి మాటతో వచ్చేవాళ్లు రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో ఇప్పుడు కనిపిస్తున్నారు. చెట్లు పెంచితే క్రెడిట్లు, వరిలో నీళ్లు ఆరగట్టి పెడితే క్రెడిట్లు, అడవిని కాపాడితే క్రెడిట్లు అంటారు. చేతిలో ఒప్పంద పత్రం ఉంటుంది. అది చాలాసార్లు ఇంగ్లిష్‌లో ఉంటుంది. అప్పుడు ఊరి పెద్దమనిషి మీ దిక్కే చూస్తాడు. ‘బిడ్డా, నువ్వు డిగ్రీ చదివినవ్ కదా, ఇందులో ఏం రాసిందో జర చదివి చెప్పు’ అంటాడు.

చెప్పగలరా? చెప్పగలిగితే మీ ఊరికి మేలు. దాన్నే వృత్తిగా నేర్చుకుంటే మీకు కొలువు.

క్రెడిట్ అంటే ఒక టన్ను

ముందు మూలం తెలుసుకుందాం. ఒక కార్బన్ క్రెడిట్ అంటే ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. ఆ ఒక్క టన్నును గాలిలోకి వెళ్లకుండా ఆపామని, లేదా గాలిలోంచి తీసి చెట్టులోనో నేలలోనో దాచామని రుజువు చూపితే ఒక క్రెడిట్ వస్తుంది. పొగ వదిలే కంపెనీలు, విమాన సంస్థలు తమ ఉద్గారాలకు బదులుగా ఈ క్రెడిట్లు కొంటాయి. దీన్నే ఆఫ్‌సెట్ అంటారు.

క్రెడిట్లకు ముద్ర వేసే సంస్థలు వేరే ఉంటాయి. అమెరికాలోని వెరా, స్విట్జర్లాండ్‌లోని గోల్డ్ స్టాండర్డ్, స్కాట్లాండ్‌లోని ప్లాన్ వివో వీటిలో పేరున్నవి. మన దేశంలో కేంద్రం 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ స్కీమ్‌ను నోటిఫై చేసింది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ దీన్ని నడిపిస్తుంది. అదే ఏడాది డిసెంబరులో, తప్పనిసరి పరిధిలో లేనివాళ్లు కూడా క్రెడిట్లు సంపాదించుకునే ఆఫ్‌సెట్ విధానాన్ని ఇందులో చేర్చారు. 2023 అక్టోబరులో వచ్చిన గ్రీన్ క్రెడిట్ పథకం వేరు, ఇది వేరు. ఇంటర్వ్యూలో ఈ రెండింటినీ కలిపేస్తే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

పవర్‌గూడ ఆడవాళ్లు అమ్మిన 147 టన్నులు

ఈ వ్యాపారం తెలంగాణకు కొత్తదేం కాదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా జైనూర్ మండలంలో పవర్‌గూడ అనే చిన్న ఆదివాసీ ఊరుంది. అక్కడి మహిళా సంఘాలు ఐటీడీఏ, ఇక్రిశాట్ అండతో కానుగ గింజల నుంచి నూనె తీయడం మొదలుపెట్టాయి. డీజిల్‌కు బదులు కానుగ నూనె వాడితే ఎంత కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందో లెక్క కట్టారు. పదేళ్లలో 51 టన్నుల నూనె, దాని వల్ల తగ్గేది 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్. 2003 అక్టోబరులో వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సు వల్ల వెలువడిన ఉద్గారాలకు బదులుగా ప్రపంచ బ్యాంకు ఈ 147 టన్నులను కొన్నది. ఇచ్చిన సొమ్ము 645 డాలర్లు.

అప్పటి మారకం ప్రకారం అది ముప్పై వేల రూపాయలకు కాస్త అటూఇటూ. టన్నుకు నాలుగు డాలర్ల చిల్లర. పెద్ద మొత్తమేం కాదు. కానీ జైనూర్ అడవుల్లోని ఆడవాళ్లు వాషింగ్టన్‌కు ఒక సరుకు అమ్మారు. ఆ సరుకు కంటికి కనపడదు, బండిలో ఎక్కించలేం, కాగితం మీది లెక్క మాత్రమే. లెక్క కట్టగలిగినవాళ్లు పక్కన ఉండబట్టే ఆ అమ్మకం జరిగింది. మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఈ మాటే.

ఇంకొక సంగతి. పవర్‌గూడ అమ్మింది అడవిని కాపాడినందుకు వచ్చిన క్రెడిట్ కాదు, డీజిల్‌కు బదులు నూనె వాడినందుకు వచ్చినది. కార్బన్ లోకంలో ఈ తేడా చాలా ముఖ్యం.

తోట వేరు, అడవి వేరు

తర్వాతి మెట్టు ఖమ్మంలో పడింది. భద్రాచలం పేపరు మిల్లు నడిపే ఐటీసీ, ఉమ్మడి ఖమ్మం జిల్లాలో బీడుపడిన సుమారు 3,070 హెక్టార్లలో రైతులతో చెట్లు పెంచే ప్రాజెక్టును ఐక్యరాజ్యసమితి క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం కింద నమోదు చేయించింది. అది 2009లో రిజిస్టర్ అయింది. అక్కడ పెంచింది ప్రధానంగా జామాయిల్. రైతుకు కలప డబ్బు వస్తుంది, దానిపైన కార్బన్ డబ్బు అదనం. ఇది తోట. దీన్ని అడవి అనలేం. చెట్టు కోతకొస్తుంది, మళ్లీ చిగురిస్తుంది.

అరకులో మరో తీరు నడిచింది. నాంది ఫౌండేషన్ గిరిజన రైతులతో కలిసి కాఫీ, పండ్ల మొక్కలు, నీడనిచ్చే చెట్లు నాటించింది. దానికి పెట్టుబడి పెట్టింది యూరప్ కంపెనీలు కలిసి ఏర్పాటు చేసుకున్న లైవ్‌లీహుడ్స్ ఫండ్. కంపెనీలు డబ్బు ముందు పెడతాయి, ఏళ్ల తరబడి వచ్చే క్రెడిట్లు తీసుకుంటాయి. కాఫీ, పండ్లు రైతువే.

ఇక ఊళ్లు కలిసి నిలువు అడవిని కాపాడి క్రెడిట్లు తెచ్చుకున్న ఉదాహరణ కావాలంటే మేఘాలయ పోవాలి. షిల్లాంగ్ దగ్గర ఖాసీ కొండల్లో పది సంప్రదాయ పాలనా ప్రాంతాలు, 62 గ్రామాలు కలిసి ఒక సమాఖ్య పెట్టుకున్నాయి. సుమారు 27 వేల హెక్టార్ల పరీవాహక ప్రాంతంలో అడవి మంటలు ఆపడం, వంటచెరకు వాడకం తగ్గించడం, నరికిన చోట మొక్కలు మళ్లీ మొలవనివ్వడం వాళ్ల పని. దానికి ప్లాన్ వివో గుర్తింపు ఇచ్చింది. ఊళ్లలో తిరిగి పని నడిపించే ఫెసిలిటేటర్లుగా అక్కడి యువతనే పెట్టుకున్నారు.

మరి ఇదే పని నల్లమల అంచున, దేవరకొండ దిక్కు ఎందుకు తేలిక కాదు? జవాబు ఒక్క మాటలో ఉంది. హక్కు. ఖాసీ కొండల్లో అడవి ఎక్కువ భాగం వంశాలదీ ఊళ్లదీ. మన దగ్గర రిజర్వు ఫారెస్టు ప్రభుత్వానిది. ఆ సంగతి కాసేపట్లో మాట్లాడుకుందాం. ముందు లెక్క.

చెట్టు బరువు టేపుతో తూస్తారు

పనిలో చేరిన మొదటి నెలలో మీకు నేర్పేది ఇదే. అడవిలో ఒక నమూనా ప్లాటు గీస్తారు. ఎక్కువగా 0.1 హెక్టారు, అంటే ఒక్కో భుజం 31.6 మీటర్లు ఉండే చదరం. జీపీఎస్‌తో మూలలు గుర్తించాలి. అందులోని ప్రతి చెట్టు పేరు రాసుకోవాలి. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే సుమారుగా మన ఛాతీ దగ్గర, టేపు చుట్టి చుట్టుకొలత తీయాలి. 63 సెంటీమీటర్లు వచ్చిందంటే వ్యాసం 20 సెంటీమీటర్లు. ఈ కొలతను ఆ జాతి చెట్టుకు సరిపోయే సూత్రంలో వేస్తే చెట్టు ఎండు బరువు వస్తుంది.

ఉదాహరణకు ఎండు బరువు 100 కిలోలు అనుకుందాం. ఇందులో కార్బన్ సుమారు 47 శాతం, అంటే 47 కిలోలు. కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌లోకి మార్చాలంటే 44ను 12తో భాగించి గుణించాలి, అంటే 3.67తో. మొత్తం 172 కిలోలు. అలాంటి ఆరు చెట్లు కలిస్తే ఒక టన్ను. ఇంటర్ కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఇది కొత్త కాదు, చదివింది అడవిలో అక్కరకొస్తుందని మాత్రం ఎవరూ చెప్పి ఉండరు.

ఇలా కొన్ని ప్లాట్లు కొలిచి, ఉపగ్రహ చిత్రాలతో సరిపోల్చి, మొత్తం అడవికి అంచనా వేస్తారు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ అవే ప్లాట్లకు వెళ్లి కొలుస్తారు. పెరిగిన తేడాకే విలువ. కొలవడం, రిపోర్టు చేయడం, వేరేవాళ్లతో సరిచూపించుకోవడం, ఈ మూడింటినీ కలిపి ఎంఆర్‌వీ అంటారు. ఉద్యోగ ప్రకటనల్లో ఈ మూడక్షరాలు కనిపిస్తే అది మీరు వెతుకుతున్న పనే.

ఇంటికెంత వస్తుంది?

ఊరివాళ్లు అడిగేది ఇదే కాబట్టి ఒక ఊహ లెక్క వేద్దాం. ఒక ఊరు 200 హెక్టార్ల అడవిని కాపాడుతోంది. ఎకరమ్మీద చెట్టు కొట్టకుండా, మంట పడకుండా చూసినందుకు హెక్టారుకు ఏటా రెండు టన్నులు అదనంగా చేరాయనుకోండి. 400 టన్నులు. రేపు అడవి కాలిపోతే ఎట్లా అని ముందుజాగ్రత్తగా 20 శాతం పక్కన పెడితే 320. టన్ను ఐదు డాలర్లకు అమ్మితే 1,600 డాలర్లు. డాలరుకు 85 రూపాయలు వేసుకుంటే 1,36,000 రూపాయలు. ఊళ్లో 150 ఇళ్లుంటే ఇంటికి ఏడాదికి తొమ్మిది వందల చిల్లర.

అదీ కొలతల ఖర్చు, ఆడిటర్ ఫీజు, రిజిస్ట్రేషన్ ఖర్చు తీయకముందు. వాటికి లక్షల్లో అవుతుంది. ఒక్క ఊరు ఒంటరిగా ఈ పని చేస్తే అప్పే మిగులుతుంది. అందుకే ఖాసీ కొండల్లో 62 ఊళ్లు కలిశాయి. ‘అడవి మీద లక్షలు లక్షలు వస్తయ్’ అని ఎవరైనా చెబితే ఈ లెక్క కాగితం మీద వేసి వాళ్ల ముందు పెట్టండి. ధర, టన్నులు మారవచ్చు, లెక్క తీరు మారదు.

అయితే పనికిరాదా? అట్లా కాదు. అడవి ఇచ్చేదాంట్లో కార్బన్ ఒక్కటే కాదు. తునికాకు, తేనె, జిగురు, చింతపండు, మేత, బోర్లలో నిలిచే నీళ్లు ఇవన్నీ ఉన్నాయి. కార్బన్ డబ్బు వాటికి చేదోడు. దాంతో అగ్గి అడ్డుకునే గీతలు గీయొచ్చు, కాపలాదారుకు జీతం ఇవ్వొచ్చు, నర్సరీ పెట్టొచ్చు. పంచుకుంటే తొమ్మిది వందలు, కలిపి ఉంచితే ఊరికి ఒక నిధి.

నాలుగు చోట్ల తేడా కొడుతుంది

2023 జనవరిలో బ్రిటన్ పత్రిక గార్డియన్, జర్మనీ పత్రిక డీ జైట్, సోర్స్‌మెటీరియల్ అనే పరిశోధక సంస్థ కలిసి ఒక కథనం వేశాయి. వెరా ముద్ర ఉన్న వానాడవుల క్రెడిట్లలో 90 శాతానికి పైగా నిజంగా ఉద్గారాలు తగ్గించినవి కాకపోవచ్చని దాని సారాంశం. వెరా ఆ లెక్కను ఒప్పుకోలేదు. కానీ మార్కెట్ కుదేలైంది, కొనేవాళ్లు జాగ్రత్తపడ్డారు. 2024లో చైనాలోని 37 వరి ప్రాజెక్టులను వెరాయే తిరస్కరించింది. ఇవి చదివి ‘ఈ రంగం పనైపోయింది’ అనుకోనక్కర్లేదు. లెక్క తప్పిన చోటల్లా లెక్క సరిచూసేవాళ్ల అవసరం పెరుగుతుంది.

తప్పు ఎక్కడ జరుగుతుందో నాలుగు ప్రశ్నల్లో పట్టుకోవచ్చు. ఒకటి, ఈ డబ్బు లేకపోయినా ఆ అడవి అట్లాగే ఉండేదా? ఉండేదైతే క్రెడిట్‌కు అర్థం లేదు. రెండు, ఇక్కడ నరకడం ఆపితే పక్క గుట్ట మీద పడ్డారా? మూడు, ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఈ కార్బన్ చెట్టులోనే ఉంటుందా, ఒక్క ఎండాకాలం మంటకు పోతుందా? నాలుగు, ఒకే టన్నును ఇద్దరికి అమ్మారా? ఇంటర్వ్యూలో ఈ నాలుగింటినీ మీ ఊరి ఉదాహరణతో చెప్పి చూడండి. పుస్తకం బట్టీ కొట్టినవాళ్లకూ మీకూ తేడా అక్కడే తెలిసిపోతుంది.

అడవి ఎవరిది? కార్బన్ ఎవరిది?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి ఉమ్మడి అటవీ యాజమాన్యం కింద వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. 2002 నుంచి ప్రపంచ బ్యాంకు రుణంతో సామాజిక అటవీ యాజమాన్య ప్రాజెక్టు నడిచింది. రాష్ట్రంలో ఎనిమిది వేలకు పైగా వీఎస్‌ఎస్‌లు ఉండేవి. చాలాచోట్ల ప్రాజెక్టు డబ్బు ఆగగానే సమితీ ఆగిపోయింది. మీ ఊళ్లో ఒకప్పుడు వీఎస్‌ఎస్ ఉండేదా అని పెద్దవాళ్లను అడిగి చూడండి. ఉంటే ఏ పని చేసింది, ఎందుకు ఆగింది అన్న జవాబు మీకు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

2006 అటవీ హక్కుల చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. ఊరు తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్న అడవి మీద సామూహిక అటవీ వనరుల హక్కు గ్రామసభకు ఉంటుందని చెప్పింది. ఆ హక్కు పత్రం చేతికొస్తే అడవిని కాపాడే, నిర్వహించే అధికారం ఊరికి చట్టబద్ధంగా వచ్చినట్టు. చెంచులు, లంబాడీలే కాదు, మూడు తరాలుగా అడవి మీద ఆధారపడి బతికే ఇతరులూ దీనికింద దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే అడవిలోని కార్బన్ ఎవరి ఆస్తి అన్న సంగతి మాత్రం ఈ చట్టంలో విడిగా రాసి లేదు. అందుకే హక్కు పత్రం లేని ఊళ్లో కార్బన్ ఒప్పందం మీద సంతకం పెట్టడమంటే పునాది లేని ఇంటికి స్లాబు వేసినట్టే.

నల్లమల దిక్కు మరో చిక్కు ఉంది. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో పరుచుకున్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే. అక్కడ చెంచులు అడవిలో ఉండటమే వాదనగా నడుస్తోంది. పులి, చెంచు, ప్రభుత్వం మధ్యలోకి కార్బన్ కంపెనీ కూడా వస్తే ఎవరి మాట ముందు వినాలి? గ్రామసభ మాట. అది ముందుగా, స్వేచ్ఛగా, అన్నీ తెలిసి ఇచ్చిన ఒప్పుకోలు అయ్యుండాలి. మంచి ప్రాజెక్టు ఏదైనా ఈ మెట్టు దాటకుండా ముందుకు పోదు.

సంతకానికి ముందు ఆరు ప్రశ్నలు

మీరు ఉద్యోగిగా వెళ్లినా, ఊరి పిల్లలుగా కూర్చున్నా ఈ ఆరూ అడగాలి.

1. ఒప్పందం ఎన్నేళ్లు? మధ్యలో బయటికి రావాలంటే ఏం కట్టాలి?
2. ఊరి వాటా అమ్మిన మొత్తం మీదా, ఖర్చులు పోగా మిగిలిన దాని మీదా? ‘60 శాతం మీకే’ అన్న మాట ఈ రెండింట్లో రెండు రకాలు.
3. కొలతలు, ఆడిట్ ఖర్చు ఎవరిది? క్రెడిట్లు రాకపోతే ఆ అప్పు ఎవరి మీద పడుతుంది?
4. మేకలు మేపడం, వంటచెరకు, తునికాకు ఏరుకోవడం మీద ఆంక్షలున్నాయా?
5. కరువొచ్చి, మంటపడి చెట్లు పోతే ఊరు డబ్బు తిరిగి కట్టాలా?
6. క్రెడిట్ ఎంతకు అమ్మారో ఊరికి చూపిస్తారా? ఒప్పందం తెలుగులో ఇస్తారా? గ్రామసభలో చదివి వినిపిస్తారా?

నాలుగో ప్రశ్న దగ్గర ఆగండి. అడవిలో మేకలు తోలుకునేవాళ్లు, కట్టెలు తెచ్చుకునేవాళ్లు ఊళ్లో పేదవాళ్లే, అందులోనూ ఆడవాళ్లే ఎక్కువ. గ్రామసభలో వాళ్లు వెనక కూర్చుంటారు. నష్టం వాళ్లకు, సంతకం ముందు వరుసవాళ్లది అయితే ఆ ప్రాజెక్టు ఎక్కువ రోజులు నిలబడదు.

ఏయే కొలువులున్నాయి?

ఫీల్డ్ సర్వేయర్: ప్లాట్లు గీయడం, చెట్లు కొలవడం, యాప్‌లో వివరాలు ఎక్కించడం. ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు. బోటనీ చదివినవాళ్లకు మొగ్గు ఉంటుంది. చెట్టును చూసి ఇది బిల్లుడు, ఇది నల్లమద్ది అని చెప్పగలిగితే, దాని శాస్త్రీయ నామం కూడా తెలిస్తే, మీతో పోటీపడేవాళ్లు తక్కువ.

కమ్యూనిటీ కోఆర్డినేటర్: ఊరితో మాట్లాడటం, గ్రామసభలు పెట్టించడం, ఫిర్యాదులు రాసుకోవడం. ఎంఎస్‌డబ్ల్యూ, సోషల్ సైన్సెస్, గ్రామీణాభివృద్ధి చదివినవాళ్లకు తగింది. తెలుగుతోపాటు లంబాడీ మాట్లాడగలగడం ఇక్కడ పెద్ద అర్హత. మీరు రెజ్యూమేలో రాయకుండా వదిలేసే అర్హత కూడా అదే.

జీఐఎస్ అనలిస్ట్: ఉపగ్రహ చిత్రాల మీద అడవి హద్దులు, మార్పులు గుర్తించడం. జాగ్రఫీ, బీటెక్, కంప్యూటర్స్ వాళ్లు రావచ్చు.

ప్రాజెక్టు డాక్యుమెంట్ రాసేవాళ్లు: ప్రాజెక్టు నమోదుకు వందల పేజీల పత్రం రాయాలి. ఇంగ్లిష్ రాత, లెక్కలు రెండూ కావాలి.

వెరిఫికేషన్: ప్రాజెక్టు చెప్పింది నిజమా కాదా అని బయటి సంస్థ తరఫున తేల్చే ఆడిటర్. ఐఎస్‌ఓ 14064 ప్రమాణం తెలిసుండాలి. నాలుగైదేళ్ల అనుభవం తర్వాత ఇటు రావడం మేలు.

కంపెనీల్లో సస్టైనబిలిటీ విభాగం: మార్కెట్ విలువలో ముందున్న వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022–23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక ఇవ్వాలని సెబీ తప్పనిసరి చేసింది. వాటి ఉద్గారాల లెక్కలు చూసేవాళ్లు కావాలి. కామర్స్ వాళ్లకూ ఇక్కడ చోటుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఫీల్డ్ కొలువుల్లో తొలి జీతం పెద్దగా ఉండదు. చాలావరకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉండే కాంట్రాక్టు. ఎండలో నడవాలి. రెండు మూడేళ్లు అడవిలో తిరిగిన అనుభవం మాత్రం తర్వాత ఆఫీసు కుర్చీలో కూర్చున్నప్పుడు కొనలేని పెట్టుబడి.

ఏం చదవాలి?

మీ ఇంట్లో ఇంటర్ బైపీసీ చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజ్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ గురించి చెప్పండి. నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీకి ఎప్‌సెట్ ర్యాంకు చూస్తారు. డిగ్రీ అయినవాళ్లకు భోపాల్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారెస్ట్ మేనేజ్‌మెంట్ ఎంబీఏ ఇస్తుంది, క్యాట్ వంటి పరీక్షల స్కోరు కావాలి. సైన్స్ డిగ్రీ ఉంటే దేహ్రాదూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ డీమ్డ్ యూనివర్సిటీలో ఫారెస్ట్రీ, ఎన్విరాన్‌మెంట్ మేనేజ్‌మెంట్ పీజీలున్నాయి.

పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే ఇస్రోకు చెందిన ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్‌లో రిమోట్ సెన్సింగ్, జీఐఎస్ కోర్సులు ఉచితంగా నడుపుతుంది, సర్టిఫికెట్ కూడా ఇస్తుంది. రాజేంద్రనగర్‌లోని ఎన్‌ఐఆర్‌డీపీఆర్‌లో గ్రామీణాభివృద్ధికి జియోస్పేషియల్ టెక్నాలజీ మీద దూరవిద్య పీజీ డిప్లొమా ఉంది. క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది.

సర్కారు కొలువే కావాలనుకునేవాళ్లకు అటవీ శాఖలో బీట్ ఆఫీసర్, సెక్షన్ ఆఫీసర్, రేంజ్ ఆఫీసర్ పోస్టులున్నాయి. బీట్ ఆఫీసర్‌కు ఇంటర్ చాలు. పై పోస్టులకు ఏ డిగ్రీ సబ్జెక్టులు పనికొస్తాయో నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. రాత పరీక్షతోపాటు నడక పరీక్ష ఉంటుంది. నాలుగు గంటల్లో అబ్బాయిలు 25 కిలోమీటర్లు, అమ్మాయిలు 16 కిలోమీటర్లు నడవాలి. ఎడమ కాలువ కట్ట మీద రోజూ పొద్దున నడిచేవాళ్లకు అది కష్టమేం కాదు.

ఈ నెలలోనే మొదలుపెట్టండి

నోటిఫికేషన్ వచ్చేదాకా ఎదురుచూడకండి. నాలుగు పనులు ఇప్పుడే చేయొచ్చు.

మొదటి వారం, మీ ఊరి చుట్టుపక్కల కనిపించే ముప్పై చెట్ల పేర్లు రాయండి. తెలుగు పేరు, శాస్త్రీయ నామం, వాడకం. మేకలు కాసే తాతను అడిగితే సగం పని అయిపోతుంది.

రెండో వారం, కాలేజీ ఆవరణలోనో, ఊరి పల్లె ప్రకృతి వనంలోనో యాభై చెట్లు కొలవండి. టైలర్ టేపు చాలు. పైన చెప్పిన లెక్క ఎక్సెల్‌లో వేయండి.

మూడో వారం, వెరా లేదా ప్లాన్ వివో రిజిస్ట్రీలో మన దేశపు ప్రాజెక్టు పత్రం ఒకటి దించుకుని చదవండి. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. అర్థం కాని మాటలు నోటుబుక్కులో రాసుకోండి.

నాలుగో వారం, ఆ మూడూ కలిపి నాలుగు పేజీల రిపోర్టు రాయండి. ఇంగ్లిష్‌లో ఒకటి, తెలుగులో ఒకటి. ఇంటర్వ్యూకు సర్టిఫికెట్ల ఫైలుతోపాటు అది తీసుకెళ్లండి. అనుభవం లేదు కదా అని అడిగితే దాన్ని ముందు పెట్టండి.

డిపాజిట్ అడిగితే వెనక్కి తిరగండి

కొత్త రంగం అనగానే కొత్త మోసగాళ్లూ వస్తారు. ‘కార్బన్ కంపెనీలో మండల కోఆర్డినేటర్ పోస్టు, ముందు పది వేలు ట్రైనింగ్ ఫీజు కట్టాలి’ అంటే అది ఉద్యోగం కాదు. రైతుల ఆధార్, పట్టా పాస్‌బుక్ కాపీలు పోగు చేసిస్తే తలకింత ఇస్తామనేవాళ్లూ ఉంటారు. ఆ కాగితాలు దేనికి వాడతారో రాసివ్వమనండి. మీ మాట నమ్మి మీ బాబాయో మేనమామో పాస్‌బుక్ ఇస్తారు. కంపెనీ రేపు లేచిపోయినా మీరు ఊళ్లోనే ఉండాలి. చేరేముందు ఆ సంస్థకు ఏ రిజిస్ట్రీలో ప్రాజెక్టు ఉందో నంబరు అడగండి. నంబరు చెప్పలేకపోతే సంగతి తెలిసిపోయినట్టే.

చివరగా మళ్లీ ఆ పెద్దమనిషి దగ్గరికే వద్దాం. ముప్పై ఏళ్ల ఒప్పందం మీద ఆయన ఈరోజు వేలిముద్ర వేస్తే, అది ముగిసేనాటికి ఆయన ఉండడు. మీకు యాభై దాటుతాయి. ఆ గుట్ట మీద చెట్లు ఉన్నాయా, మేకలకు దారి ఉందా, ఊరి ఖాతాలో డబ్బుందా అన్నది అప్పుడు చూసేది మీరే. అంచేత కొలువు వచ్చినా రాకున్నా, ఆ కాగితం చదవడం మాత్రం నేర్చుకోండి. ముందు మీ ఊరికి తెలుగులో చదివి వినిపించండి. సంతకం సంగతి ఆ తర్వాత.